పశువుల కొట్టం పక్కన కోళ్ల గూడు

2019లో జరిగిన 20వ పశుగణన లెక్కల ప్రకారం దేశంలోని సుమారు 85 కోట్ల పెంపుడు పక్షుల్లో దాదాపు 31.7 కోట్లు పెద్ద ఫారాల్లో కాక ఇళ్ల పెరళ్లలోనే పెరుగుతున్నాయి. 2012 నాటి గణనతో పోలిస్తే ఈ పెరటి పక్షుల సంఖ్య 45 శాతానికి పైగా పెరిగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వేల కోళ్లు పట్టే షెడ్లు ఎంతగా విస్తరించినా, పల్లె ఇళ్ల వెనుక నాలుగైదు పెట్టలు, ఒక పుంజు తిరగడం ఆగిపోలేదు. అయితే ఆ పెరట్లో కోళ్లు ఒంటరిగా ఉండవు; గేదెల కొట్టం, మేకల దడి, కాపలా కుక్క, ధాన్యపు బస్తాల దగ్గర తిరిగే పిల్లి, కొన్ని చోట్ల బాతులు కూడా అదే స్థలాన్ని పంచుకుంటాయి. కోళ్ల పెంపకం గురించిన సలహాలు కోడిని మాత్రమే, పాడి గురించిన సలహాలు గేదెను మాత్రమే దృష్టిలో పెట్టుకోవడం వల్ల, ఒకదాని మేత మరొకదానికి విషమయ్యే సందర్భాలు, ఒకదాని రెట్ట మరొకదానికి రోగం తెచ్చే సందర్భాలు చాలా ఇళ్లలో నష్టం జరిగేదాకా గుర్తింపునకు రావు. పగటిపూట ఈ జంతువుల్లో చాలావరకు కలిసి తిరగవచ్చు, అందువల్ల మేలే ఎక్కువ. కానీ మేత, రాత్రి పడక, చచ్చిన జీవాల పారవేత అనే మూడు విషయాల్లో వాటిని విడదీయక తప్పదు.

ముందుగా ఏ కోడిని ఎంచుకోవాలన్న ప్రశ్న వస్తుంది. నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టకపోయినా, గద్ద నీడ పడగానే పిల్లలను రెక్కల కిందికి చేర్చుకోవడం, కుక్క తరిమితే గోడపైకి ఎగరడం, గేదె కాళ్ల మధ్య తొక్కుడు పడకుండా మెలగడం దానికి పుట్టుకతో వచ్చిన నేర్పు. హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర కోళ్ల పరిశోధన సంచాలకాలయం రూపొందించిన వనరాజా కోడి మాంసానికి, గుడ్లకు రెండింటికీ పనికివచ్చి ఏడాదికి 100 నుంచి 110 గుడ్లు, అదే సంస్థ రూపొందించిన గ్రామప్రియ 200కు పైగా గుడ్లు ఇస్తాయి. అయితే బరువైన వనరాజా తరిమే జంతువు నుంచి నాటు కోడి అంత చురుకుగా తప్పించుకోలేదు, పైగా ఈ మెరుగుపరచిన రకాలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. అందువల్ల పలు రకాల జంతువులు తిరిగే పెరట్లో ఒకటి రెండు నాటు పెట్టలను పొదుగు కోసం ఉంచుకుని, గుడ్ల కోసం గ్రామప్రియ వంటి వాటిని చేర్చుకోవడం తెలివైన పద్ధతి. తల్లి లేకుండా కొని తెచ్చిన పిల్లలకు మొదటి కొన్ని వారాలు బల్బు వేడితో కూడిన ప్రత్యేక గది అవసరం. ఆరు వారాలు నిండకుండా వాటిని పశువుల మధ్యకు వదలడమంటే కాకికి, పిల్లికి, గిట్టల కింద తొక్కిడికి అప్పగించడమే.

కోళ్లు, పశువులు కలిసి ఉండడం వల్ల కలిగే ప్రయోజనం పేడదిబ్బ దగ్గరే స్పష్టంగా కనిపిస్తుంది. పచ్చిపేడలో ఈగ పెట్టిన గుడ్లు మన ఎండల్లో వారం పది రోజుల్లోనే కొత్త ఈగలుగా మారతాయి; ఆ దిబ్బను రోజూ కాళ్లతో చిమ్మే కోళ్లు మధ్య దశలోని పురుగులను ఏరుకుని తినడమే కాక, పేడను పలుచగా పరచి ఎండేలా చేయడం వల్ల మిగిలిన గుడ్లకు కావలసిన తేమ కూడా దక్కకుండా పోతుంది. కొట్టంలో పశువుల నోటి నుంచి జారిన గింజలు, పేడలో అరగకుండా వచ్చిన గింజలు కోడికి ఖర్చులేని మేత అవుతాయి. పశువుల రక్తం తాగే గోమార్లను, అంటే పిడుదులను, కోళ్లు నేల మీది నుంచి, పడుకున్న పశువు ఒంటి మీది నుంచి కూడా పొడుచుకు తింటాయన్నది రైతులకు పాత అనుభవమే. కెన్యాలో జరిగి 1991లో ప్రచురితమైన ఒక పరిశోధనలో గోమార్లున్న పశువుల మధ్య మేసిన కోళ్ల పొట్టలు తెరచి చూసినప్పుడు ఒక్కో కోడిలో పదుల సంఖ్యలో గోమార్లు కనిపించాయి. అయినా గోమార్ల మందుకు కోడి ప్రత్యామ్నాయం కాదు, ఎందుకంటే పొదుగు సందుల్లో, చెవుల లోపల దాగిన వాటిని కోడి అందుకోలేదు. మందు చల్లిన రోజున మాత్రం కోళ్లను గంపల కింద మూసి ఉంచి, వాటి నీళ్ల పాత్రలను బోర్లించి, పశువు ఒళ్లు పూర్తిగా ఆరి, కింద కారిన మందును కడిగిన తర్వాతే వదలాలి.

ఈ మేలుకు ఒక మూల్యం కూడా ఉంది. కోళ్లలో బద్దె పురుగులుగా పిలిచే పొడవాటి పేగు పురుగుల్లో కొన్ని రకాలు ఈగలు, పేడపురుగులు, చీమల శరీరాల్లో కొంతకాలం పెరిగి, ఆ కీటకాన్ని తిన్న కోడి పేగుల్లోకి చేరతాయి. కనుక పేడదిబ్బ మీద మేసే కోళ్లకు పశువైద్యుడి సలహాతో క్రమంగా పురుగుల మందు వేయించడం ఫారం కోళ్ల విషయంలో కన్నా ఎక్కువ అవసరం.

మేత విషయంలో జరిగే పొరపాట్లు అన్నింటికంటే తరచైనవి, అన్నింటికంటే సులువుగా నివారించదగినవి. గేదెలు, ఆవులు, మేకలు నెమరువేసే జీవాలు. వాటి కడుపులోని మొదటి పెద్ద గదిలో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి జీర్ణం చేస్తాయి. ఆ గదిలోకి ఒక్కసారిగా నూకలో, మొక్కజొన్న రవ్వో, కోళ్ల దాణానో ఎక్కువ మోతాదులో చేరితే పిండిపదార్థం వేగంగా పులిసి ఆమ్లం పెరిగి, పశువు మేత మాని, నీళ్ల విరేచనాలతో కూలబడి, కొన్ని గంటల్లోనే చనిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. తాడు తెంచుకుని కోళ్ల దాణా బస్తా మీద పడిన మేకకు ఎదురయ్యే ముప్పు ఇదే. అందువల్ల దాణా బస్తా తలుపున్న గదిలో ఉండాలి, కోళ్లకు మేత వేసే చోటుకు కోడి మాత్రమే దూరగల ఇరుకు దారి ఉండాలి. మేకపిల్లలు ఇరుకు సందుల్లోనూ దూరుతాయి కాబట్టి వాటిని ఆ సమయంలో కట్టివేయడం మరింత భద్రం.

గొర్రెల విషయంలో ఇంకొక ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. తయారీ కోళ్ల దాణాలో ఖనిజ మిశ్రమంగా రాగి కలుపుతారు. కోడికి అవసరమైన ఆ మోతాదును గొర్రె శరీరం సులువుగా బయటికి పంపలేదు. వారాల తరబడి కాలేయంలో పేరుకున్న రాగి ఒక దశలో హఠాత్తుగా రక్తంలోకి విడుదలై ఎర్ర రక్తకణాలను పగలగొట్టడం వల్ల గొర్రె కళ్లు పచ్చబడి, మూత్రం ఎరుపు తిరిగి, రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. గొర్రెల మందకు కోళ్ల దాణా గాని, కోళ్ల లిట్టరు, అంటే షెడ్డులో పరచిన పొట్టుతో కలిసిన రెట్ట గాని మేతగా పెట్టకూడదని నిపుణులు గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. రక్త విరేచనాల నివారణకు మోనెన్సిన్ వంటి మందు కలిపిన కోళ్ల దాణా గుర్రాలకు అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం, కుక్కలకూ హానికరం.

పశువుల మేత కోడికి చేసే హాని గురించి తెలిసినవారు ఇంకా తక్కువ. పత్తి పండే ప్రాంతాల్లో పాడి గేదెలకు ఇష్టంగా పెట్టే పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం సహజంగా ఉంటుంది. నెమరువేసే పెద్ద పశువు కడుపులో దాని ప్రభావం చాలావరకు అణగిపోతుంది కాని, గాడిలో మిగిలిన చెక్కను పొడుచుకు తిన్న పెట్ట గుడ్డులో పచ్చసొన, కొన్నాళ్లు నిలవ ఉంచాక, ముదురు ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరుగుతుంది. గుడ్లు చెడిపోతున్నాయని పెట్టను అనుమానించే ఇళ్లలో ముందుగా చూడవలసింది గాడినే. వేరుశనగ చెక్క ముప్పు వేరే రకం. తేమ తగిలి బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం తయారవుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని వ్యాధితో చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కే కారణమని తేలడంతో ఈ విషం మొదటిసారి వెలుగులోకి వచ్చింది. ఒకే బూజు చెక్క తిన్నా బాతుపిల్ల, టర్కీ పిల్ల త్వరగా చనిపోతాయి, కోడి కొంత తట్టుకుంటుంది, గేదె పైకి ఆరోగ్యంగానే కనిపిస్తూ ఆ విషాన్ని పాలలోకి పంపిస్తుంది. బూజు వాసన వచ్చిన చెక్కను పశువులకో కోళ్లకో వేసి వృథా కాకుండా చూడాలన్న పొదుపు ఆలోచన ఇంటి పిల్లల ఆరోగ్యం దాకా నష్టం తెస్తుంది.

ఉప్పు, యూరియా కూడా ఇక్కడే ప్రస్తావించాలి. ఎండుగడ్డిని యూరియా నీటితో మాగబెట్టే రైతులు మిగిలిన గుళికలను కోళ్లు పొడుచుకు తినేలా నేల మీద వదలకూడదు. పశువులకు నాకడానికి పెట్టే ఉప్పు గడ్డ రాలిన చోట కోళ్లు తిరిగితే వాటికి చాలినంత మంచినీరు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, ఎందుకంటే నీరు దొరకని కోడికి ఉప్పు త్వరగా విషమవుతుంది. కుడితి తొట్టి అంచు నున్నగా, లోతుగా ఉంటే అంచు మీద వాలిన పిల్లలు, బరువైన పెట్టలు కూడా జారిపడి మునిగిపోతాయి. తొట్టి మీద చెక్కపలక మూయడం, లేదా లోపలికి ఏటవాలుగా ఒక కర్ర వేసి ఉంచడం చాలు.

ఇక రాత్రి. కొట్టంలో దూలాల మీద కోళ్లు ముడుచుకుని పడుకోవడం పల్లెల్లో సాధారణ దృశ్యమే గాని, పాడి రైతు దానిని అనుమతించకూడదు. కోడి రాత్రంతా వేసే రెట్ట కింద ఉన్న గాడిలో, పశువు వీపు మీద, పొద్దున పాలు పితికే చోట పడుతుంది. రెట్టలో ఉండే సాల్మొనెల్లా అనే పేగు సూక్ష్మజీవి లేగదూడల్లో తీవ్రమైన విరేచనాలకు కారణం కాగలదు, పాల పాత్రలో పడితే ఇంటివారికీ చేటు. ఒక్కో పెద్ద కోడికి ఒకటి నుంచి ఒకటిన్నర చదరపు అడుగు చొప్పున, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తున నిలిపిన చిన్న గూడు కొట్టానికి కొంత దూరంలో కట్టుకోవడం పెద్ద ఖర్చు కాదు. గాలి ఆడే వైపు అర అంగుళం కన్నులున్న గట్టి ఇనుప జల్లెడ బిగించాలి. పెద్ద కన్నుల వలలోంచి ముంగిస తల దూర్చగలదు, పాము సులువుగా పాకిపోగలదు. కోళ్ల గోమారి అనే వేరే జాతి పరాన్నజీవి పగలంతా చెక్కల పగుళ్లలో, గోడ సందుల్లో దాగి రాత్రివేళ మాత్రమే కోడి రక్తం తాగుతుంది కనుక, పగుళ్లు లేకుండా సున్నం పూసిన గూడు అందంకోసం కాదు, ఆరోగ్యం కోసమే.

మూడో విషయం, చచ్చిన కోడిని ఏం చేయాలన్నది, ఎక్కువ ఇళ్లలో నిర్లక్ష్యానికి గురవుతున్నది, ఎక్కువ నష్టం చేయగలిగినది. గాలి సోకని కుళ్లిన మాంసంలో క్లాస్ట్రీడియం బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి వృద్ధి చెంది, నరాలను స్తంభింపజేసే అత్యంత శక్తివంతమైన విషాన్ని తయారు చేస్తుంది. చచ్చిన కోడిని పెంటకుప్పలో పడేస్తే దానిలో పుట్టిన పురుగుల్లోకి ఆ విషం చేరుతుంది. ఆ పురుగులను తిన్న బతికున్న కోళ్లకు మెడ వాలిపోయి, రెక్కలు జారిపోయి, లేవలేని స్థితి వస్తుంది. అదే ఎరువును, కోడి కళేబరం ముక్కలతో సహా, పచ్చిగడ్డి మడిలో చల్లితే ఆ గడ్డి తిన్న గేదెలకు వెనుక కాళ్లు, నాలుక పట్టు తప్పి, మింగలేక, శ్వాస కండరాలు కూడా స్తంభించి చనిపోయే ప్రమాదం ఉంది. పైకి గాయం లేదు, జ్వరం లేదు కాబట్టి రైతుకు కారణం తోచదు. చచ్చిన ప్రతి పక్షినీ కుక్కలు తవ్వలేనంత లోతున, బావికి దూరంగా, సున్నం చల్లి పూడ్చాలి. కుక్కకు వేయడం, కాలువలో పారవేయడం ఏ పరిస్థితిలోనూ తగదు. కోళ్ల రెట్ట నత్రజని అధికంగా ఉండే మంచి ఎరువే, అయితే దానిని పేడతో, గడ్డితో కలిపి కుప్పవేసి, లోపల వేడి పుట్టి చల్లారేదాకా మాగనిచ్చిన తర్వాతే పొలానికి తోలాలి.

ఇతర పక్షులను కోళ్లతో కలపడం పశువులతో కలపడం కన్నా క్లిష్టమైనది, ఎందుకంటే దగ్గరి జాతుల మధ్యే రోగాలు సులువుగా దాటుతాయి. కోళ్లకు రక్త విరేచనాలు కలిగించే కాక్సిడియా అనే పరాన్నజీవి మేకలకు సోకదు, మేకలలోని కాక్సిడియా కోళ్లకు సోకదు. ఆయా జాతులకు ఆయా రకాలే. కానీ టర్కీ కోళ్ల విషయం అలా కాదు. కోడి పేగుల్లో హాని తక్కువగా చేస్తూ నివసించే ఒక సన్నని పురుగు గుడ్లలో హిస్టోమోనాస్ అనే సూక్ష్మ పరాన్నజీవి దాగి ఉంటుంది. ఆ గుడ్లు మట్టిలో, వానపాముల్లో చాలాకాలం నిలిచి ఉండి, టర్కీ కడుపులోకి చేరితే ఆ పరాన్నజీవి దాని కాలేయాన్ని తినివేసి, గంధకం రంగు విరేచనాలతో మందను మందగా చంపగలదు. కోళ్లు తిరిగిన నేల మీద టర్కీలను పెంచకూడదన్న సూత్రానికి మినహాయింపు వెతకడం నష్టానికి దారి తీస్తుంది. గినీ కోళ్లు పామును, అపరిచితుడిని చూసి అరిచి ఇంటివారిని హెచ్చరిస్తాయి గాని, మేత దగ్గర కోళ్లను తరిమి పొడుస్తాయి కనుక వాటికి వేరే మేత తొట్టి కావాలి.

బాతుల విషయం గోదావరి, నెల్లూరు ప్రాంతాలకు మరీ ముఖ్యం. వరి కోతలయ్యాక పొలం నుంచి పొలానికి బాతుల మందలను తోలుకుంటూ జీవించే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. నాటు పెట్ట చేత బాతు గుడ్లను పొదిగించడం పాత పద్ధతే, కోడి గుడ్డుకు 21 రోజులు పడితే బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుందని గుర్తుంచుకుని పెట్టకు మేత, నీరు దగ్గరే పెడితే చాలు. సమస్య ఆ తర్వాత మొదలవుతుంది. బాతు ముక్కుతో నీళ్లను చిలికి నేలంతా తడిపేస్తుంది. కాక్సిడియా గుడ్లు వేడి, తేమ దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే సోకగల దశకు చేరతాయి కాబట్టి, బాతులతో గూడు పంచుకున్న కోడిపిల్లలకు రక్త విరేచనాలు పట్టే అవకాశం ఎక్కువ. అంతకు మించి, నీటి పక్షుల నుంచి వచ్చే బర్డ్ ఫ్లూ వైరస్‌ను బాతు ఒక్కోసారి ఏ లక్షణమూ చూపకుండా మోసుకు తిరగగలదు. పగలు చెరువుకు వెళ్లే బాతులు రాత్రి కోళ్ల గూటిలోకి రాకూడదు.

బర్డ్ ఫ్లూ మన దేశంలో మొదట 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని ఫారాలను తాకింది. 2024 మార్చిలో అమెరికాలో ఇదే వైరస్ పాడి ఆవుల్లో కనిపించడం, ఆ పశువుల పచ్చిపాలు తాగిన పిల్లులు చనిపోవడం, పక్షుల జబ్బు పశువులకు రాదన్న నమ్మకానికి గట్టి దెబ్బ. పంది శరీరంలో పక్షుల ఫ్లూ, మనుషుల ఫ్లూ రెండూ నిలువగలవు, రెండూ కలిసి కొత్త రకం పుట్టే వీలుంది కనుక ఒకే పెరట్లో పందులను, కోళ్లను పెంచడాన్ని పశువైద్య శాస్త్రం ప్రోత్సహించదు. ఒకటి రెండు రోజుల్లో అనేక కోళ్లు హఠాత్తుగా చనిపోతే కోసి పంచుకోవడం కాదు, ముట్టకుండా పశువైద్యశాలకు తెలియజేయడం ఇంటివారి బాధ్యత. పచ్చిపాలు, ఉడకని గుడ్డు, ఉడకని మాంసం పిల్లలకు ఎప్పుడూ పెట్టకూడదు.

కుక్క పిల్లగా ఉన్నప్పటి నుంచి కోళ్ల మధ్య పెరిగితే వాటిని ఇంటివాటిగా గుర్తించి ముంగిసను, అడవిపిల్లిని దూరంగా ఉంచుతుంది. పగిలిన గుడ్డు రుచి ఒకసారి మరిగిన కుక్కను మాన్పించడం మాత్రం చాలా కష్టం. కోడి జుట్టు చుట్టూ నల్లని గింజల్లా అంటుకుని రక్తం తాగే ఒక కీటకం కుక్కలకు, పిల్లులకు కూడా పడుతుంది కనుక, కోళ్లకు మందు వేసి కుక్కను వదిలేస్తే నెలలోపే అది తిరిగి వస్తుంది. పిల్లి ఎలుకలను, ఎలుకల కోసం వచ్చే పాములను తగ్గిస్తుంది. అయితే పచ్చి మాంసం తిన్న పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి వెలువడి, ఆ మలం పడిన మేతను తిన్న చూడి మేకలు ఈసుకుపోయేలా చేస్తుంది. పిల్లికి కోడి పేగులు, పచ్చి కార్జం వేయకపోవడం, మేకల మేత మీద కప్పు ఉంచడం ఈ గొలుసును తెంపడానికి చాలు. ఎలుకల మందు కలిపిన గింజలను మూత ఉన్న పెట్టెలోనే పెట్టాలి. ఆ మందు తిన్న ఎలుకను తిన్నా పిల్లికి, కుక్కకు ప్రమాదమే.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా టీకా లేకపోతే పెరటి కోళ్లు నిలవవు. 1920ల చివర కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించినందువల్ల ఆ ఊరి పేరుతో పిలిచే కొక్కెర తెగులు, టీకా పడని మందను వారంలోపు తుడిచిపెట్టగలదు. పావురాలు, కాకులు, సంతలో కొన్న కోళ్లు, పొరుగింటి చెప్పులు కూడా దానిని తేగలవు. పిల్లకు వారం రోజుల వయసులో కంట్లోగాని ముక్కులోగాని లసోటా చుక్క, నాలుగు వారాలకు మళ్లీ అదే, ఎనిమిది నుంచి పది వారాల మధ్య రెక్క దగ్గర ఆర్2బి ఇంజెక్షన్, ఆ వయసులోనే కోళ్ల మశూచి టీకా వేయించడం మన రాష్ట్రాల్లో పాటించే సాధారణ క్రమం. టీకా సీసాను మంచులో తెచ్చి, చల్లని పొద్దుటి పూట, తెరిచిన రెండు గంటల్లోపు వాడేయాలి. ఒక్కో సీసా వంద కోళ్లకో అంతకంటే ఎక్కువకో సరిపోతుంది కాబట్టి నాలుగైదు కోళ్లున్న ఇళ్లవారు వీధి వీధంతా కలిసి ఒకేరోజు వేయించుకుంటే ఖర్చు తగ్గుతుంది, పొరుగు మంద నుంచి రోగం వచ్చే దారీ మూతపడుతుంది. సంత నుంచి తెచ్చిన కోడిని, బాతును, మేకను సైతం మూడు వారాల పాటు పెరటికి అవతల వేరుగా కట్టి ఉంచి, దాని మేత, నీళ్లు అన్ని జంతువుల పని ముగిసిన తర్వాత చివరగా చూసుకుని, చేతులు కాళ్లు సబ్బుతో కడుక్కోవాలి.